అర దరువు ముందు

పొగగొట్టాలు శుభ్రం చేసేవాడి కోటు గుండీ ముట్టుకుంటే అదృష్టం కలిసొస్తుందని మా దేశంలో నమ్మకం. నా మొగుడు రైవో ఇరవై రెండేళ్లుగా వాల్గ ఊళ్లో ఆ పనే చేస్తున్నాడు. నల్ల కోటు, రెండు వరసల ఇత్తడి గుండీలు, భుజాన తాడూ బ్రష్షూ. వీధిలో నడుస్తుంటే పరీక్షకు వెళ్లే పిల్లలు, లాటరీ టికెట్ కొన్న ముసలాళ్లు, నెలలు నిండిన ఆడవాళ్లు ఆపి మరీ గుండీ తడిమి పోతారు. అలా ఊరందరికీ పంచిపెట్టి ఇంటికొచ్చేసరికి తనకేమీ మిగిలేది కాదేమో. జాతీయ పాటల పోటీకి నాలుగుసార్లు పాట పంపాడు, నాలుగుసార్లూ చేతులూపుకుంటూ తిరిగొచ్చాడు.

ఆ పోటీ గెలిచినవాళ్లు వసంతంలో దేశం తరఫున, దేశాల మధ్య జరిగే పాటల పోటీకి వెళ్తారు. ఎస్తోనియాలో రాక్ పాడే ప్రతివాడికీ ఆ కల ఒక్కసారైనా వస్తుంది. రైవోకు వచ్చి పోలేదు. ఇరవై ఆరేళ్లప్పుడు ఏడో స్థానం. ముప్ఫయ్యో ఏట రెండో స్థానం, ఒకే ఒక్క పాయింటు తేడాతో. ఆ ఒక్క పాయింటు మా ఇంట్లో ఇంకో మనిషిలా కాపురం పెట్టింది. తర్వాత రెండుసార్లు పంపిన పాటలు వడపోతలోనే పోయాయి.

అతనికి నలభై ఆరేళ్లు వచ్చిన ఏడాది నవంబరులో, ఐదోసారి పంపిన పాట ఎంపికైంది. ఆ సంగతి నాకు నా బస్సులో తెలిసింది. నేను వాల్గ నుంచి చుట్టుపక్కల పల్లెలకు తిరిగే బస్సు నడుపుతాను. దారిలో సల్మె అని ఎనభై ఏళ్ల ముసలావిడ ఎక్కుతుంది. రోజూ ఆలస్యంగానే వస్తుంది, నేను రోజూ ఆగుతాను. ఆ రోజు ఆవిడ ఎక్కి, ఆయాసం తీర్చుకుని, "మీ ఆయన మళ్లీ వెళ్తున్నాడట, రేడియోలో చెప్పారు," అని వెళ్లి కూర్చుంది. మా దగ్గర అంతకు మించిన అభినందన ఉండదు. బస్సులో ఉన్న పదకొండు మందీ కిటికీల్లోంచి బయటికే చూస్తున్నారు. అంటే అందరూ సంతోషించారన్నమాట.

ఇంటికి వెళ్లేసరికి రైవో మొహం మీది మసి కూడా కడుక్కోకుండా వంటింట్లో కూర్చున్నాడు.

"ఇదే ఆఖరుసారి, ఉర్వె," అన్నాడు. "నలభై ఆరేళ్లొచ్చాయి. ఈసారి కాకపోతే ఇంక పాట పంపను."

"పోయినసారి కూడా ఆఖరుసారే కదా నాన్నా," అంది మా అమ్మాయి హేలి, పుస్తకంలోంచి తలెత్తకుండా. దానికి పదిహేనేళ్లు.

నేను ముందు మొహం కడుక్కోమన్నాను. కడుక్కుని వచ్చాక చూస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి. సబ్బు పడిందన్నాడు.

నేను ఆ బ్యాండులో డ్రమ్స్ వాయిస్తాను. పెళ్లికి ముందు నుంచీ వాయిస్తున్నాను. గిటారు ఊలర్ వాయిస్తాడు, వడ్రంగి, మాటకు పొదుపు. ఈసారి పాటను తయారుచేసింది మాత్రం తానెల్ అని తాల్లిన్‌లో స్టూడియో ఉన్న ముప్ఫై ఏళ్లవాడు. రైవో అక్కడికి వెళ్లి తన గొంతు ముక్కలు ముక్కలుగా రికార్డు చేయించుకుని వచ్చాడు. డిసెంబరు మొదటి ఆదివారం తానెల్ మా ఇంటికొచ్చాడు. బంగాళదుంపలూ పులియబెట్టిన క్యాబేజీతో పందిమాంసమూ పెడితే తిన్నాడు. బాగుందనలేదు కానీ రెండోసారి వడ్డించుకున్నాడు. తిన్నాక చెప్పాడు. పోటీ నియమం మారిపోయిందట. గొంతు ఒక్కటే నిజం, వాద్యాలన్నీ ముందే రికార్డు చేసి వినిపిస్తారట.

"వేదిక మీద మీరు కొడుతున్నట్టు కనిపిస్తే చాలు," అన్నాడు నాతో. "డ్రమ్ముల మీద రబ్బరు పరుస్తారు, ఇత్తడి తాళాల బదులు ప్లాస్టిక్ పళ్లేలు ఇస్తారు. చప్పుడు రాదు."

"మరి వినపడే చప్పుడు ఎవరిది?"

"కంప్యూటర్‌ది. చాలా శుభ్రంగా వచ్చిందండీ."

మునుపు పోటీకి వెళ్లిన రెండుసార్లూ మేం నిజంగానే వాయించాం. నా చేతులు బొబ్బలెక్కాయి. ఇప్పుడు దేశమంతా చూస్తుండగా మూడు నిమిషాలపాటు రబ్బరు కొట్టాలట. నేను రైవో మొహం చూశాను. అందరూ అలాగే చేస్తున్నారని మెల్లగా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ మంట కన్నా భయం ఎక్కువైంది. ఆ భయం దేనికో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

రైవోకు గొంతుంది. మంద్రంలో గరుకు, పైకి వెళ్తే గంట. వేదిక మీద నిలబడితే వెనక వరసలో ఉన్నవాడు కూడా తనకోసమే పాడుతున్నాడనుకుంటాడు. లేనిదల్లా లయ. ఏళ్లతరబడి మింగిన మసి ఛాతీలో ఉంది. రెండో చరణానికి ఊపిరి అందదు. అందదన్న కంగారులో ముందుకు పరిగెడతాడు. పల్లవికి వచ్చేసరికి ఆవేశం పొంగి సాగదీస్తాడు. నేను వెనకాల కూర్చుని అతని భుజాలు చూస్తాను. భుజం పైకి లేచిందంటే గాలి పీలుస్తున్నాడని లెక్క, వెంట్రుకవాసి ఆగుతాను. పరిగెత్తితే నేనూ పరిగెడతాను. ఊలర్ నన్ను చూసి వాయిస్తాడు. వినేవాళ్లకు పాటే ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది. ఒక పత్రికలో 'ఏ గడియారానికీ లొంగని లయ' అని రాశారు. ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకున్నాడు.

నేను ఎప్పుడూ చెప్పలేదు. మొదట్లో ప్రేమకొద్దీ చెప్పలేదు, తర్వాత అలవాటై చెప్పలేదు. సల్మె కోసం రోజూ బస్సు ఆపుతున్నానని సల్మెకు చెప్పానా ఏమిటి?

మరుసటి వారం మా గ్యారేజీలో రికార్డు పెట్టుకుని మొదటిసారి సాధన చేశాం. అలవాటు కావాలని డ్రమ్ముల మీద నేను పాత ట్యూబుల రబ్బరు కట్టాను. రికార్డు వినపడేందుకు చెవుల్లో చిన్న యంత్రాలు పెట్టుకున్నాం. మొదటి చరణం సగంలోనే రైవో అర దరువు ముందుకు వెళ్లిపోయాడు. నా చెయ్యి అలవాటు కొద్దీ అతని వెంటే వెళ్లింది. చప్పుడు లేని చెయ్యి ఎక్కడికి పోతే ఎవరికి కావాలి? రికార్డు మాత్రం ఉన్నచోటే ఉండి తన పని తాను చేసుకుపోయింది.

చెవిలో యంత్రం బాగాలేదన్నాడు రైవో. నాది ఇచ్చాను. రికార్డే వేగం తక్కువగా ఉందన్నాడు. తానెల్‌కు ఫోన్ చేసి కొంచెం వేగం పెంచి పంపమన్నాడు. పెంచి పంపాడు. దానికన్నా ముందు వెళ్లాడు. ఊలర్ గిటారు తీగలు తుడుచుకుంటూ నా వైపు ఒకసారి చూశాడు. వాడికీ తెలుసని అప్పుడు నాకు తెలిసింది. ఇంకో మాట లేకుండా గిటారు పెట్టెలో పెట్టుకుని, అమ్మకు మందులు కొనాలని వెళ్లిపోయాడు.

క్రిస్మస్‌కు ముందు రైవో టిక్కుటిక్కుమని దరువు లెక్కపెట్టే మెట్రోనోమ్ పెట్టె ఒకటి కొనుక్కొచ్చి వంటింట్లో పెట్టాడు. ఇంక ఆ పండగంతా ఆ టిక్కుల మధ్యే. పొయ్యిలో రక్తపు సాసేజీలు కాలుతుంటే టిక్కు. చెట్టుకు కొవ్వొత్తులు కడుతుంటే టిక్కు. అతను కూనిరాగం తీస్తూ దాని వెంట నడవబోతాడు, నాలుగు అడుగుల్లో దాన్ని దాటేస్తాడు. దాటేశానని కూడా తెలియదు. తెలియకపోవడమే నాకు గుండెల్లో గుచ్చుకునేది.

పండగ రెండో రోజు భోజనాల దగ్గర, ఆ పెట్టె కూడా సరిగ్గా లేదేమో, దుకాణంలో మార్పించాలన్నాడు. నేను రొట్టె కోస్తూ ఊరుకున్నాను. హేలి ఊరుకోలేదు.

"నాన్నా, పెట్టె బాగానే ఉంది. నువ్వే ముందుకు పరిగెడుతున్నావు."

రైవో చెంచా కింద పెట్టాడు. "మీ అమ్మనడుగు. ఇరవై ఏళ్లు ఒక్క దరువు తప్పలేదు నేను."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను, క్యాబేజీ ఇంకొంచెం వెయ్యనా అని అడిగాను. మింగలేక కక్కలేక అంటారే, అదీ నా పరిస్థితి. రైవో లేచి కోటు వేసుకుని, ముంగిట మంచు తవ్వడానికి వెళ్లాడు. మంచు పొద్దున్నే నేను తవ్వేశాను. పక్కింటివాళ్ల ముంగిలి, వాళ్ల అవతలివాళ్లది కూడా తవ్వి వచ్చాడు.

సెమీఫైనల్ ఫిబ్రవరిలో, తాల్లిన్ టీవీ స్టూడియోలో. పొద్దున్న రిహార్సల్. పొగగొట్టాల కోటుతోనే పాడితే బాగుంటుందని దర్శకురాలు అడిగితే రైవో ఒప్పుకున్నాడు. గుండీలు నేను తోమి ఇచ్చాను. రిహార్సల్‌లో మూడుసార్లు పాడాడు, మూడుసార్లూ రికార్డు కన్నా ముందే ముగించాడు. దర్శకురాలు మర్యాదగా, సాయంత్రానికి సర్దుకుంటుందిలెండి అంది. తానెల్ గోళ్లు కొరుక్కున్నాడు.

తర్వాత రైవో నన్ను వరండాలో కాఫీ యంత్రం దగ్గరికి పిలిచాడు. గోడ వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఉర్వె, ఏమీ అనుకోకు. వెనకాల నీ అలికిడి నన్ను తప్పిస్తోంది. రబ్బరు మీద కర్రలు పడే చప్పుడు వినిపిస్తోంది నాకు. నువ్వు వెనక్కి లాగుతున్నావు."

అతను కాఫీ యంత్రం మీట నొక్కాడు.

"దర్శకురాలు నీ చోట ఒక డాన్సు అమ్మాయిని కూర్చోబెడతానంటోంది. ఎలాగూ వాయించేది లేదు కదా. ఈ ఒక్కసారికీ."

ఇరవై ఏళ్లు నోరు కట్టుకున్నదాన్ని ఇంకో ఆరు గంటలు కట్టుకుంటే సరిపోయేది. నాకు తెలుసు. కానీ లాగుతున్నావన్న మాట పడలేకపోయాను. నిజం అవసరమనో, అతనికి మేలనో చెప్పలేదు నేను. ఉక్రోషంతో చెప్పాను.

"నేను లాగడం లేదు రైవో. ఇన్నేళ్లూ నువ్వు పరిగెత్తితే నీ వెనకాలే పరిగెత్తాను. నీకు ఊపిరి అందకపోతే ఆగాను. ఆ కంప్యూటర్ అది చెయ్యదు. నీకు లయ లేదు. ఎప్పుడూ లేదు."

కాఫీ యంత్రం గుర్రుమంటూ అతని కప్పు నింపింది. రైవో కోటు గుండీ ఒకటి వేళ్లతో తిప్పుతూ నిలబడ్డాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"రెండో స్థానం వచ్చిన రోజున కూడానా?" అన్నాడు.

"ఆ రోజు కూడా."

"ఒక్క పాయింటు," అన్నాడు. కప్పు తీసుకోకుండానే లోపలికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నేను వరండాలో ఉన్న టీవీలో చూశాను. ఎర్ర గౌను వేసుకున్న అమ్మాయి నా స్టూలు మీద కూర్చుని, పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ రబ్బరు కొట్టింది. నాకన్నా బాగా కనిపించింది, ఆ మాట ఒప్పుకోవాలి. రైవో మొదటి నుంచీ ముందే ఉన్నాడు. చివర్లో అతని మాటలు అయిపోయాయి, రికార్డు ఇంకా కాస్త మిగిలింది. ఆ మిగిలిన కాసేపూ నోరు మూసుకుని, చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాడు. మా ఆయన అంత ఒంటరిగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. లోపలికి పరిగెత్తుకెళ్లి ఆ పిల్లను లేపేసి కూర్చోవాలనిపించింది. కూర్చుని మాత్రం ఏం చేస్తాను?

అయినా పాట ఫైనల్‌కు వెళ్లింది, ఆఖరి స్థానంలో, జనం ఫోన్ల ఓట్లతో. వాల్గ అంతా ఫోన్లు పట్టుకుని కూర్చుందట. సల్మె మూడు ఫోన్ల నుంచి తొమ్మిదిసార్లు చేసిందట. మర్నాడు ఒక పత్రిక 'కాలం కన్నా అర దరువు ముందున్న పొగగొట్టాల మనిషి' అని వెటకారం చేసింది. అది ఎవరూ కత్తిరించి అంటించలేదు. ఫ్రిజ్ మీది పాత ముక్క కూడా ఆ వారంలోనే మాయమైంది. అయస్కాంతం ఒక్కటే మిగిలింది.

మా దగ్గర మొగుడూపెళ్లాలు మాట్లాడుకోకపోవడం వింత కాదు. వానాకాలం అంతా పది మాటలతో గడిపేసే ఇళ్లున్నాయి. కానీ మాట్లాడకపోవడంలో రకాలుంటాయి. ఇంతకు ముందు మా మధ్య మాటలు అక్కర్లేక ఉండేవి కావు. ఇప్పుడు రైవో నా అడుగుల చప్పుడు వినగానే గదిలోంచి లేచి వెళ్లేవాడు. శనివారం ఆవిరిస్నానానికి సానా ఇంట్లోకి ఎప్పుడూ ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. ఫైనల్‌కు ముందున్న ఆ మూడు శనివారాలూ ముందు నన్నూ హేలినీ వెళ్లమని, తర్వాత తానొక్కడే మెట్రోనోమ్ పెట్టె తీసుకుని వెళ్లాడు. రాళ్ల మీద నీళ్లు పోసిన చప్పుడు, తర్వాత టిక్కు, తర్వాత అతని గొంతు. ముంగిట్లో నిలబడి వినేదాన్ని. ప్రతిసారీ నాలుగు పంక్తులు, ఆగడం. మళ్లీ మొదటి నుంచి.

ఉపవాసాల ముందు మంగళవారం అందరూ మీగడ బన్నులు తినే రోజు. రైవో మూడు బన్నులు తెచ్చి, నాది పళ్లెంలో పెట్టి మీద గిన్నె మూసి వెళ్లాడు. ఆ గిన్నె ఎత్తి చూసి నేను ఏడ్చాను. తిట్టి ఉంటే బాగుండేది. నిజం చెప్పి తప్పు చేశానా, ఇన్నేళ్లు చెప్పక తప్పు చేశానా అన్నది ఎంత ఆలోచించినా నాకు తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

"నాన్నకు ఏం చెప్పావమ్మా?" అని హేలి అడిగింది.

"నువ్వు చెప్పిందే."

"నేను చెబితే మంచు తవ్వాడు. నువ్వు చెబితే ఇలా అయిపోయాడు," అంది.

ఫైనల్‌కు రెండు రోజుల ముందు నేను బస్సు డిపోలో పెడుతుంటే రైవో వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. పని బట్టల్లోనే ఉన్నాడు.

"శనివారం వస్తావా?" అన్నాడు.

"ఎందుకు, రబ్బరు కొట్టడానికా?"

"వినడం రాదు నాకు. ప్రయత్నించాను. చూసి పాడగలనేమో. నువ్వు కనపడితే చాలు."

జీవితంలో అతను నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. పెళ్లి కూడా అడిగి చేసుకోలేదు. ఆదివారం మీ అమ్మను కలుద్దామా అన్నాడు, అంతే. నేను వస్తానన్నాను. డాన్సు అమ్మాయి సంగతి తానెల్ చూసుకున్నాడు.

ఫైనల్ పెద్ద హాల్లో. పది పాటలు, మాది నాలుగోది. దర్శకురాలు నేల మీద తెల్ల పట్టీ అంటించి, మూడు నిమిషాలూ దాని మీదే నిలబడి ఎదురుగా ఉన్న కెమెరాను చూడాలని రైవోకు రెండుసార్లు చెప్పింది. రైవో తలూపాడు. రిహార్సల్‌లో అలాగే చేశాడు, అలాగే తప్పాడు.

దీపాలు వెలిగాయి. నా చెవిలో రికార్డు మొదలైంది. మొదటి రెండు పంక్తులు కెమెరాను చూసే పాడాడు. మూడో పంక్తిలో అతని భుజం పైకి లేచింది. పరిగెత్తబోతున్నాడు. అంతలో పట్టీ మీద నుంచి కాలు తీసి, జనానికి వీపు పెట్టి నా వైపు తిరిగాడు.

కెమెరాలు పట్టుకున్నవాళ్లు అటూ ఇటూ పరిగెత్తారు. ఎదురు కెమెరాకు నల్ల కోటు వీపు తప్ప ఏమీ లేదు. రైవో నా భుజాలను చూస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా నేను అతనివి చూసినట్టు. నేను చేతులు అవసరానికి మించి పైకెత్తి కొట్టాను. నేను యంత్రాన్ని వింటున్నాను, అతను నన్ను చూస్తున్నాడు. రెండో చరణం వచ్చింది. ఊపిరి చాలదు, మొహం కందిపోయింది. అయినా పరిగెత్తలేదు. ఒక్క దరువు తప్పలేదు.

డ్రమ్ముల వెనక కూర్చుని, పాడుతుండగా అతని మొహం నేను చూడటం అదే మొదలు. ఎప్పుడూ వీపే చూసినదాన్ని. ఆ చూపులో ప్రేమ ఉందని చెప్పలేను. గడ్డకట్టిన చెరువు మీద నడిచేవాడు ముందడుగు ఎక్కడ వేయాలా అని కింద చూసుకున్నట్టు చూశాడు. నాకు గర్వంగా ఉంది. ఆ పాటలో ఇప్పుడు తప్పు లేదు. రైవో కూడా లేడు.

జనం ఓట్లలో మూడో స్థానం వచ్చింది. న్యాయనిర్ణేతలు ఆఖరున పెట్టారు. మొత్తం మీద ఆరు. ప్రేక్షకులకు వీపు చూపించినవాడు దేశం తరఫున ఎలా వెళ్తాడని వాళ్లలో ఒకాయన అన్నాడు. న్యాయమైన మాటే. రైవో వాళ్లతో చేతులు కలిపి, కోటు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. వ్యాన్లో నా పక్కన కూర్చుని, సరిగ్గానే పాడాను కదా అని ఒక్కసారి అడిగాడు. సరిగ్గా పాడావన్నాను. వాల్గ దాకా నిద్రపోయాడు.

పత్రికలు మాత్రం మమ్మల్ని ఆకాశానికెత్తాయి. పోటీని కూడా లెక్కచేయక పెళ్లానికి పాట అంకితమిచ్చిన మొగుడని రాశాయి. సోమవారం నా బస్సులో ఆడవాళ్లు నన్ను దొంగచూపులు చూసి కళ్లు తుడుచుకున్నారు. సల్మె టికెట్ తీసుకుంటూ, "మా ఆయన నన్ను అలా ఒక్కసారి చూసుంటే వంట ఇంకాస్త బాగా చేసేదాన్ని," అంది. నేను నవ్వి బస్సు కదిపాను. అది ప్రేమ చూపు కాదని ఆవిడకు చెప్పి ఏం ఒరుగుతుంది?

మళ్లీ మేం నిజంగా వాయించింది జూన్‌లో, మధ్యవేసవి పండగ మంట దగ్గర. మా దక్షిణపు చెరువుల పక్క పల్లె. ఎండ ఇంకా చెట్ల మీదే ఉంది. రికార్డు లేదు, రబ్బరు లేదు. నా డ్రమ్ములకు వాటి గొంతు వాటికి తిరిగొచ్చింది. అందరూ పోటీ పాటే కావాలన్నారు. నేను నాలుగు లెక్కపెట్టాను.

రైవో జనానికి పక్కగా, నేను కనపడేలా నిలబడ్డాడు. మొదటి చరణం గడిచింది. రెండో చరణంలో అతని భుజం లేచింది, ఊపిరి కోసం. ఇరవై ఏళ్ల అలవాటు, నేను ఆగాను. నేను ఆగడం చూసి అతను ఆగాడు. అతను ఎత్తుకుంటాడని నేను చూశాను. నేను కొడతానని అతను చూశాడు. పాట మా ఇద్దరి మధ్యా నిలబడిపోయింది.

ఊలర్ గిటారు మీద ఏదో వాయించి కప్పిపెట్టాడు. జనం పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. రైవో మైకులో, వయసైపోయిందర్రా, పిల్లల చేత పాడించుకోండి అంటే నవ్వారు. మైకు పక్కకు తిప్పి నా దగ్గరికొచ్చాడు.

"నాకోసం ఆగకు," అన్నాడు మెల్లగా.

"నువ్వే నాకోసం ఆగావు."

"అదే. ఇద్దరం ఆగితే ఎలా?"

మళ్లీ మొదలుపెట్టాం. అదే చోట మళ్లీ ఆగాం. మూడోసారి పాత పాటలు వేసి ఎలాగో నెట్టుకొచ్చాం. అవీ కుంటుతూనే నడిచాయి.

ఆ శరత్తులో రైవో రెండు జతల చెవి యంత్రాలు కొన్నాడు, నాకొకటి, తనకొకటి. రెండింట్లోనూ ఒకే టిక్కు. ఎన్ని నెలలు పట్టిందో కానీ వినడం నేర్చుకున్నాడు. జాతీయ పోటీ మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు ఊళ్లలో మా పాటలకు మంచి పేరుంది. మీరింత శుభ్రంగా ఎప్పుడూ వాయించలేదని ఊలర్ కూడా అన్నాడు. వాడి నోటి నుంచి అంత మాట రావడం పెద్ద సంగతి. ఇంట్లో కూడా అంతా సవ్యంగానే ఉంది. శనివారాలు సానాకు కలిసే వెళ్తున్నాం. ఎవరి పని వాళ్లు వేళకు చేసుకుంటాం, ఎవరూ ఎవరికోసం కాచుకోరు.

రెండో చరణం చివర అతని భుజం ఇప్పటికీ లేస్తుంది. ఊపిరి అందక గొంతు సన్నగా కొట్టుకోవడం టిక్కుల మధ్య నుంచి కూడా నాకు వినపడుతుంది. నా చెయ్యి ఆగబోతుంది. అప్పుడే చెవిలో టిక్కు పడుతుంది, కొట్టేస్తాను.